ఆన్‌లైన్ ఆటలలో కొత్త ఆటగాళ్ళ కొరత

ఇంటర్నెట్టు ద్వారా అనేకమంది ఒకేసారి కలసి ఆడే కంప్యూటరు ఆటలను బహుళ క్రీడాకారుల ఆన్‌లైన్ ఆటలు అంటారు. ఇటువంటి ఆట విడుదలై పది, ఇరవై ఏళ్ళు గడచిన తరువాత, పాతవారు విడువకుండా ఆడుతున్నా కొత్తవారు వచ్చి చేరకపోవడం తరచుగా కనిపించే పరిణామం. చేరినవారిలో కూడా చాలామంది మొదటి కొద్ది రోజులలోనే మానివేస్తారు. దీనినే ఆన్‌లైన్ ఆటలలో కొత్త ఆటగాళ్ళ కొరత అని చెప్పవచ్చును.

ఒంటరిగా ఆడుకునే ఆటకు గాని, పుస్తకానికి గాని, సినిమాకు గాని ఈ చిక్కు లేదు. 1957లో విడుదలైన మాయాబజార్ సినిమాను ఈనాడు మొదటిసారి చూసే బాలునికి ఆనాటి ప్రేక్షకులు పక్కన ఉండవలసిన అవసరం లేదు. ఆన్‌లైన్ ఆట సంగతి వేరు. అందులో ఎదుటి జట్టు, తోడు నిలిచే జట్టు, కొనేవారు, అమ్మేవారు అందరూ మనుషులే. వారు తగ్గితే ఆటలో కొంత భాగమే తగ్గినట్లు. పాతవారు ఏదో ఒక కారణంతో ఏటా కొందరు తప్పుకుంటూనే ఉంటారు గనుక, కొత్తవారి రాక ఆగిన ఆట ఎవరికీ అయిష్టం కాకపోయినా క్రమంగా క్షీణిస్తుంది.

నేపథ్యము

పలువురు కలసి ఆడే కంప్యూటరు ఆటలకు ఆద్యంగా చెప్పదగినది 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ అనే విద్యార్థులు తయారు చేసిన మడ్ అనే ఆట. ఇందులో బొమ్మలు లేవు. అంతా అక్షరాలతోనే నడిచేది. వ్యాపార స్థాయిలో ఇటువంటి ఆటలు 1990 దశకపు రెండవ సగంలో విస్తరించాయి. 1997 సెప్టెంబరులో అల్టిమా ఆన్‌లైన్, 1999 మార్చిలో ఎవర్‌క్వెస్ట్, 2001 జనవరిలో రూన్‌స్కేప్, 2003 మేలో ఈవ్ ఆన్‌లైన్, 2004 నవంబరులో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ విడుదలయ్యాయి. ఈ అయిదూ ఇప్పటికీ నడుస్తున్నవే. కనుక "పాతబడిన ఆట" అన్నంత మాత్రాన మూతపడిన ఆట అని అర్థం కాదు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌కు 2010 అక్టోబరు నాటికి కోటీ ఇరవై లక్షల మంది చందాదారులు ఉండేవారు. 2015 మధ్యకు ఆ సంఖ్య 56 లక్షలకు తగ్గింది. ఆ సంవత్సరం చివరి నుండి చందాదారుల సంఖ్యను ప్రకటించడం ఆ సంస్థ మానివేసినది.

పైవన్నీ కల్పిత ప్రపంచంలో ఒక పాత్రను నెలల తరబడి పెంచుకునే ఆటలు. మరొక తెగ కాల్పుల ఆటలు, సైన్యాలను నడిపే ఆటలు. 1999లో ఇద్దరు ఔత్సాహికులు హాఫ్‌లైఫ్ అనే ఆటకు అనుబంధంగా రూపొందించిన కౌంటర్-స్ట్రైక్, అదే ఏడాది వచ్చిన ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 వీటిలో ముఖ్యమైనవి. ఆంధ్ర ప్రదేశ్ పట్టణాలకు ముందుగా పరిచయమైనవి ఈ రెండవ తెగ ఆటలే.

కారణాలు

నైపుణ్యంలో అంతరం: ఆట కొత్తగా వచ్చినప్పుడు అందరూ సమానంగా అజ్ఞానులే. తప్పులు చేసే జట్టు మరో తప్పులు చేసే జట్టుతో తలపడుతుంది. పదేళ్ళ తరువాత వచ్చినవాడికి ఆ అవకాశం లేదు. కౌంటర్-స్ట్రైక్‌లోని డస్ట్-2 అనే పటం 2001 నాటిది. అందులో ఏ మూల నుండి ఏ మూలకు ఎన్ని క్షణాలలో చేరవచ్చునో, పొగ గుండును ఏ గోడకు తగిలేలా విసరాలో పాతవారికి కంఠస్థం. కొత్తవాడు తలుపు దాటకముందే పడిపోతాడు, ఎవరు కొట్టారో కూడా తెలియదు. ఓడిపోవడం కన్నా, ఎందుకు ఓడిపోయాడో తెలియకపోవడమే అతనిని ఆటకు దూరం చేస్తుంది. 2009లో వచ్చిన లీగ్ ఆఫ్ లెజెండ్స్‌లో ఎంచుకోదగిన వీరుల సంఖ్య ఇప్పుడు 160కి పైమాటే. ప్రతి వీరునికీ వేరు వేరు శక్తులు. తొలి నుండి ఆడినవారు వీటిని ఏడాదికి కొన్ని చొప్పున నేర్చుకున్నారు. ఈనాడు చేరినవాడు మొత్తం ఒక్కసారిగా నేర్వవలెను.

సమాన స్థాయి వారిని జత చేసే ఏర్పాటు దీనికి విరుగుడని సాధారణంగా చెబుతారు. అది పనిచేయాలంటే ఆటలో జనం ఉండాలి. ఒక ఆటలో రాత్రి వేళ ప్రపంచమంతటా 2,000 మంది ఉన్నారనుకుందాం. దూరాన్ని బట్టి నాలుగు ప్రాంతాలుగా విడదీస్తే ఒక్కొక్క చోట 500 మంది. అయిదు రకాల పోటీలుంటే రకానికి 100 మంది. నైపుణ్యాన్ని బట్టి అయిదు తరగతులు చేస్తే తరగతికి 20 మంది. ఒక పందేనికి పదిమంది కావలసి ఉంటే, కొత్తవారి తరగతిలో జరిగేవి రెండే పందేలు. అవి మొదలైన తరువాత వచ్చినవాడు వేచి ఉండాలి, లేదా నిపుణుల మధ్య పడాలి. జనం తగ్గేకొద్దీ జత చేసే ఏర్పాటు చెడుతుంది, అది చెడేకొద్దీ జనం తగ్గుతారు. నిపుణులైన పాతవారు కొందరు వినోదం కోసం కొత్త పేరుతో ఖాతా తెరచి కొత్తవారి తరగతిలోకి దిగడం మరొక బాధ.

కూడబెట్టిన సంపద: పాత్రలను పెంచుకునే ఆటలలో రాక్షసులను చంపితే బంగారం వస్తుంది. ఆ బంగారం ఎక్కడి నుండో తీసుకున్నది కాదు, అప్పటికప్పుడు పుట్టినది. ఏళ్ళు గడచేకొద్దీ పాతవారి వద్ద అది గుట్టలుగా పేరుకుంటుంది. మడ్ ఆటల కాలం నుండే ఈ ద్రవ్యోల్బణాన్ని మడ్‌ఫ్లేషన్ అని పిలుస్తున్నారు. సంతలో మంచి వస్తువుల ధర కొత్తవాడు నెలల తరబడి సంపాదించినా అందదు. అతడు కష్టపడి తెచ్చిన చిన్న వస్తువులను కొనేవారుండరు. అల్టిమా ఆన్‌లైన్‌లో ఇళ్ళు కట్టుకోవడానికి స్థలం కూడా ఉండేది, కాని అది పరిమితం. ముందు వచ్చినవారు నేలంతా ఆక్రమించడంతో తరువాత వచ్చినవారికి ఇంటి స్థలం దొరకడం కష్టమైనది. ఊరి నడిబొడ్డున స్థలాల సంగతి తెలిసిన వారికి దీనిని వివరించనక్కరలేదు.

ఈవ్ ఆన్‌లైన్‌లో ఈ అంతరం కాలంతోనే ముడిపడి ఉన్నది. అందులో విద్యలు నిజమైన గడియారం ప్రకారం, ఆడినా ఆడకపోయినా, రోజుల తరబడి అలవడుతాయి. అందువల్ల 2003లో చేరినవానిని తరువాత చేరినవాడు ఎంత ఆడినా అందుకోలేడని పేరుపడినది. ఇది పూర్తిగా నిజం కాదు. ఒక నౌకను నడపడానికి కొన్ని విద్యలే అవసరం, అవి వస్తే కొత్తవాడు ఆ నౌకలో పాతవానికి దాదాపు సాటి. అయినా అపవాదు ఆటకన్నా ముందుగా ప్రయాణం చేస్తుంది. చేరకముందే వెనుకబడ్డామన్న భావన చాలామందిని గుమ్మం వద్దనే ఆపివేసినది.

ఖాళీ ఊళ్ళు: విస్తరణల పేరుతో కొత్త ప్రాంతాలు చేర్చేకొద్దీ పాతవారు ఆటలోని చివరి ప్రాంతాలకు చేరుకుంటారు. ఎవర్‌క్వెస్ట్‌కు ఇప్పటివరకు 30కి మించి విస్తరణలు వచ్చాయి. తొలి ఊళ్ళలో దిగిన కొత్తవానికి మనిషి కనిపించడు. పదిమంది కలిస్తే తప్ప గెలవలేని తావులు అలాగే ఉంటాయి, పదిమంది ఉండరు. వేలాదిమంది ఉన్నారని చెప్పిన ఆటలో అతడు ఒంటరి.

పాతవారి ప్రవర్తన: రిచర్డ్ బార్టిల్ 1996లో ప్రచురించిన వ్యాసంలో ఆటగాళ్ళను నాలుగు రకాలుగా విభజించాడు. సాధించేవారు, అన్వేషించేవారు, స్నేహం కోసం వచ్చేవారు, ఇతరులను వేటాడేవారు. వీరి సంఖ్యలు ఒకదానిపై ఒకటి ఆధారపడి ఉంటాయని, వేటగాళ్ళు పెరిగితే స్నేహం కోసం వచ్చినవారు ముందుగా వెళ్ళిపోతారని ఆయన వివరించాడు. పాత ఆటలలో వేటకు సులభంగా దొరికేది కొత్తవాడే. వేట లేని చోట కూడా మాట కఠినంగా ఉండవచ్చు. పాతవారు అన్నిటికీ పొడి అక్షరాల సంకేతాలు వాడతారు. అర్థం అడిగితే విసుక్కుంటారు. పొరపాటు చేస్తే జట్టు నుండి తొలగిస్తారు. వారిని పూర్తిగా తప్పు పట్టడం కూడా న్యాయం కాదు. అదే ప్రశ్నకు పదిహేనేళ్ళుగా జవాబు చెబుతున్నవారు వారు.

ఆంధ్ర ప్రదేశ్‌లో

గుంటూరు జిల్లాలోని పొన్నూరు, తెనాలి, 2022లో ఏర్పడిన బాపట్ల జిల్లాలోని బాపట్ల, రేపల్లె వంటి కృష్ణా డెల్టా పట్టణాలలో 2000 దశకంలో చాలామందికి ఇంటర్నెట్టు పరిచయమైనది ఇంట్లో కాదు, నెట్ సెంటరులో. అంతకుముందు ఎస్.టి.డి. బూత్‌లు ఉన్న వీధులలోనే ఇవి వెలిశాయి. ఇంటర్మీడియెట్, ఎంసెట్ ఫలితాలు చూసుకోవడం, హాల్ టికెట్లు తీసుకోవడం, దరఖాస్తులు నింపడం, అమెరికాలోని పిల్లలతో మాట్లాడడం వీటి ప్రధాన వ్యాపారం. ఫలితాల రోజున గది బయట కూడా జనం నిలబడేవారు. మిగిలిన రోజులలో గంటల లెక్కన డబ్బు తెచ్చినవి ఆటలు.

ఈ ఆటలకు నిజానికి ఇంటర్నెట్టుతో పనిలేదు. ఒకే గదిలోని కంప్యూటర్లను తీగలతో కలిపి, కౌంటర్-స్ట్రైక్ 1.6, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్, నీడ్ ఫర్ స్పీడ్ వంటివి ఆడేవారు. అందుచేత నెట్టు నెమ్మదిగా ఉన్నా ఆటకు ఆటంకం ఉండేది కాదు. కరెంటు పోతే మాత్రం యూపీఎస్ నిలిచినంతసేపే ఆట. కంప్యూటరు కొనలేని విద్యార్థి కూడా కొద్దిపాటి డబ్బుతో ఇందులో పాల్గొనగలిగేవాడు.

కొత్తవారి దృష్టితో చూస్తే నెట్ సెంటరులోని ముఖ్యమైన సౌకర్యం కంప్యూటరు కాదు, పక్క కుర్చీ. ఖాళీ లేనప్పుడు వచ్చిన కుర్రవాడు ఆడేవారి వెనుక నిలబడి చూసేవాడు. చూస్తుండగానే పటం తెలిసిపోయేది. కుర్చీ దొరికిన తరువాత ఎవరో ఒకరు "అటు కాదురా, ఇటు" అని చెప్పేవారు, తెలుగులోనే. పదిమంది కావలసిన చోట తొమ్మిదిమందే ఉంటే, చేతకానివాడిని కూడా పిలిచి కూర్చోబెట్టుకునేవారు. తిట్టినవాడు పక్కనే ఉంటాడు, ఆట అయ్యాక కలసి టీ తాగుతాడు. పైన చెప్పిన కారణాలలో సగానికి ఈ గదిలోనే పరిష్కారం ఉండేది. దీనిని ఎవరూ రూపకల్పన చేయలేదు, దానంతట అదే జరిగినది.

ఈ ద్వారం మూసుకుపోవడానికి అనేక కారణాలున్నాయి. 2011 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం సైబర్ కేఫ్‌ల నిర్వహణకు నియమాలు ప్రకటించినది. వాటి ప్రకారం వచ్చిన ప్రతివారి గుర్తింపు కార్డు చూడాలి, వివరాలు నమోదు చేసి కనీసం ఏడాది భద్రపరచాలి. గుర్తింపు కార్డు లేని మైనరు వెంట పెద్దవారు ఉండాలి. గదులుగా విడదీసే అడ్డుతెరల ఎత్తు నాలుగున్నర అడుగులు మించరాదు. భద్రత కోసం వచ్చిన ఈ నియమాలకన్నా ఎక్కువ దెబ్బ తీసినది చేతిలోని ఫోను. 2016 సెప్టెంబరు 5న జియో సేవలు ప్రారంభమై డేటా ధరలు పడిపోయిన తరువాత ఫలితాలు చూడడానికి గాని, మాట్లాడడానికి గాని నెట్ సెంటరుకు వెళ్ళవలసిన అవసరం లేకపోయినది. చాలా నెట్ సెంటర్లు మూతపడ్డాయి. మిగిలినవి జిరాక్సు, దరఖాస్తులు, టికెట్ల వ్యాపారానికి మారాయి.

తరువాతి తరం ఆటలోకి ఫోను ద్వారానే ప్రవేశించినది. 2018లో వచ్చిన పబ్‌జీ మొబైల్‌లో వందమంది ఒక దీవిలో దిగుతారు, నలుగురు చొప్పున జట్టు కట్టవచ్చు. తొలి పందేలలో నిజమైన ఆటగాళ్ళతో పాటు యంత్రమే నడిపే బొమ్మ ఆటగాళ్ళను కలపడం వల్ల, కొత్తవానికి మొదటి రోజే కొన్ని గెలుపులు దక్కుతాయి. కేంద్ర ప్రభుత్వం 2020 సెప్టెంబరు 2న దీనిని నిషేధించగా, 2021 జూలైలో బీజీఎంఐ అనే పేరుతో భారతదేశానికి ప్రత్యేకంగా తిరిగి వచ్చినది. అది కూడా 2022 జూలైలో ఆగి, 2023 మేలో మళ్ళీ మొదలైనది. ఇన్ని అవాంతరాల తరువాత కూడా దానికి ఆటగాళ్ళు కరవు కాలేదు. స్నేహితులందరి వద్దా అదే ఆట, అదే రకం ఫోను ఉండడమే దీనికి కారణంగా చెప్పవచ్చును.

ఫోనుతో పెరిగినవారికి కీబోర్డు, మౌసు గల పాత ఆట రెండింతల కొత్త. ముందు కంప్యూటరు కావాలి, తరువాత వేళ్ళకు ఆ అలవాటు రావాలి, అటుపైన ఆట నేర్వాలి. డబ్బు చెల్లించే పద్ధతి కూడా ఒకప్పుడు పెద్ద అడ్డంకిగా ఉండేది. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌కు అమెరికాలో నెల చందా 14.99 డాలర్లు. 2004 నాటి మారకం ప్రకారం ఇది 650 రూపాయలకు పైన. అంత సొమ్ము ఉన్నా, విదేశాలకు చెల్లించగల కార్డు జిల్లా పట్టణాలలోని విద్యార్థుల వద్ద ఉండేది కాదు. సర్వర్లు ఐరోపాలోనో సింగపూరులోనో ఉండడం వల్ల మీట నొక్కిన తరువాత ఆటలో కదలిక రావడానికి జాప్యం జరిగేది. కౌంటర్-స్ట్రైక్‌కు తరువాతి కాలంలో చెన్నై, ముంబైలలో సర్వర్లు వచ్చాయి. అనేక పాత ఆటలకు ఇప్పటికీ అటువంటి ఏర్పాటు లేదు. తెలుగులో సూచనలు ఇచ్చే పాత ఆటలు లేనట్లే. యూట్యూబులో తెలుగు వ్యాఖ్యానంతో వచ్చే వీడియోలు ఈ లోటును కొంత తీరుస్తున్నాయి గాని, అవి ఎక్కువగా కొత్త ఆటలకు సంబంధించినవి.

పాత జట్లు నిలవకపోవడానికి వలస మరొక కారణం. డెల్టా పట్టణాలలో ఇంజనీరింగు చదివినవారు ఉద్యోగాల కోసం హైదరాబాదు, బెంగుళూరు, అమెరికా చేరుకున్నారు. ఒకే గదిలో ఆడిన మిత్రులు ఇంటర్నెట్టులో తిరిగి కలవగలరు గాని, పొన్నూరులో రాత్రి 9 గంటలైనప్పుడు న్యూ జెర్సీలో ఋతువును బట్టి ఉదయం 10.30 లేదా 11.30 అవుతుంది. ఒకరికి తీరిక వేళ మరొకరికి పని వేళ. మిగిలినది శని, ఆదివారాలు. అటువంటి జట్టులో ఊళ్ళోని తమ్ముడి వయసు కుర్రవానికి చోటు దొరకడం అరుదు. వారు కలిసేది ఆట కోసం కన్నా పాత మాటల కోసం.

తల్లిదండ్రుల దృష్టిలో ఆన్‌లైన్ ఆట అనే మాటకే చెడ్డపేరు రావడం కూడా గమనించదగినది. డబ్బు పందెం పెట్టి ఆడే రమ్మీ వంటి ఆటలలో అనేక కుటుంబాలు నష్టపోవడంతో తెలంగాణ ప్రభుత్వం 2017లో, ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి వాటిని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించేలా డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ, ఈ-క్రీడలను మాత్రం ప్రోత్సహించేలా చట్టం చేసినది. ఈ వ్యాసంలో చెప్పిన ఆటలు ఆ కోవకు చెందినవి కావు. అయితే ఇంట్లో అనుమతి అడిగే పదిహేనేళ్ళ పిల్లవానికి ఈ భేదం వివరించడం అంత సులభం కాదు.

సంస్థలు చేసిన ప్రయత్నాలు

కొత్తవారిని రప్పించడానికి సంస్థలు ఎక్కువగా అనుసరించిన పద్ధతి మెట్లను తగ్గించడం. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో 2014 నుండి డబ్బు చెల్లించి పాత్రను ఒక్కసారిగా పై స్థాయికి తెచ్చుకునే వీలు కల్పించారు. దీనివల్ల కొత్తవాడు పైకి వచ్చాడు గాని, ముప్ఫై మీటలలో ఏది ఎందుకో తెలియకుండా వచ్చాడు. 2020 అక్టోబరులో 120 స్థాయిలను 50కి కుదించి, కొత్తవారి కోసం ప్రత్యేకంగా ఒక దీవిని నిర్మించారు. ఇది మరింత ఆలోచించి చేసిన పని. ఈవ్ ఆన్‌లైన్ 2016 ఫిబ్రవరిలో ఒకరి విద్యను మరొకరు కొనుక్కునే పద్ధతిని, అదే సంవత్సరం నవంబరులో ఉచితంగా ఆడే వీలును ప్రవేశపెట్టినది. విద్య కొనుక్కునే పద్ధతి కొత్తవారికోసమే అన్నారు. కాని కొనగల సంపద పాతవారి దగ్గరే ఉన్నది.

అదే ఈవ్‌లో సంస్థతో నిమిత్తం లేకుండా 2004లో ఆటగాళ్ళు తామే ఈవ్ యూనివర్సిటీ అనే బడిని స్థాపించారు. పాతవారు తరగతులు చెబుతారు, కొత్తవారిని వెంటబెట్టుకుని వెళ్ళి తప్పులు చేయనిస్తారు, పోగొట్టుకున్నప్పుడు ఓదారుస్తారు. రెండు దశాబ్దాలుగా ఇది నడుస్తున్నది. పొన్నూరు నెట్ సెంటరులో పక్క కుర్చీ చేసిన పనినే ఇది ఏర్పాటుగా చేస్తున్నదని చెప్పవచ్చును.

ఆటనే మార్చివేయడం ప్రమాదకరమైన మార్గం. 2003లో వచ్చిన స్టార్ వార్స్ గెలాక్సీస్ కష్టమైన ఆటగా పేరుపడినది. కొత్తవారిని ఆకర్షించడానికి 2005 నవంబరులో దాని నిర్వాహకులు వృత్తులను, పోరాట పద్ధతిని సమూలంగా మార్చి సులభతరం చేశారు. ఏళ్ళ తరబడి పెంచుకున్న పాత్రలు ఒక్క రోజులో వేరుగా మారడంతో పాతవారు పెద్ద సంఖ్యలో వెళ్ళిపోయారు. ఎదురుచూసిన కొత్తవారు రాలేదు. ఆ ఆట 2011 డిసెంబరు 15న మూతపడినది. అల్టిమా ఆన్‌లైన్ ఇందుకు భిన్నంగా 2000లో ప్రపంచాన్ని రెండుగా చేసి, ఒకదానిలో అంగీకారం లేనిదే ఇతరులపై దాడి చేయరాదని నియమించినది. ఆటలోని వాడి పోయిందని పాతవారిలో కొందరు ఈనాటికీ వాదిస్తారు. అయినా ఆట పెరిగి, 2003లో రెండున్నర లక్షల చందాదారులతో తన గరిష్ఠ స్థాయిని అందుకున్నది.

వెనుకకు వెళ్ళడం మరొక మార్గం. రూన్‌స్కేప్ సంస్థ 2007 నాటి ఆట ప్రతిని భద్రపరచి ఉంచుకున్నది. 2013లో నాలుగు లక్షల మందికి పైగా ఓటు వేయడంతో దానిని ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ పేరుతో తిరిగి తెరచినది. అది అసలు ఆటకన్నా ఎక్కువమందిని సంపాదించుకున్నది. 2019 ఆగస్టులో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్ కూడా ఇటువంటిదే. వీటి విజయానికి జ్ఞాపకాలే కారణమని సాధారణ అభిప్రాయం. అందరూ ఒకే రోజున, ఒకే ఊరిలో, చేతిలో ఏమీ లేకుండా మొదలుపెట్టడం అంతకన్నా ముఖ్యమైన కారణం కావచ్చు. క్లాసిక్ తొలి వారంలో ఒక్కొక్క పంది కోసం వరుసలో నిలబడవలసి వచ్చినా ఎవరూ విసుక్కోలేదు. ఖాళీ ఊళ్ళు మళ్ళీ నిండాయి.

ఫైనల్ ఫాంటసీ 14 ఉదాహరణ వేరు. 2010 సెప్టెంబరులో విడుదలై విఫలమైన ఈ ఆటను మూసివేసి, పునర్నిర్మించి, 2013 ఆగస్టులో మళ్ళీ విడుదల చేశారు. ఇందులో పాతవారు తొలి స్థాయి తావులకు తిరిగి వెళ్ళి కొత్తవారికి తోడుగా ఆడితే ప్రతిఫలం లభిస్తుంది. ఎవరైనా మొదటిసారి వచ్చారని తెలిస్తే ఆ ప్రతిఫలం పెరుగుతుంది. కొత్తవాడు జట్టుకు భారం కాక లాభమైనాడు. ఖర్చు లేకుండా ఎంతకాలమైనా ఆడదగిన భాగాన్ని కూడా 2020లోను, 2023లోను పెంచుతూ వచ్చారు.

వయసు ఒక్కటే కారణమా?

కాదని చెప్పడానికి చదరంగమే సాక్ష్యం. నైపుణ్యంలో అంతరం చదరంగంలో ఉన్నంతగా ఏ కంప్యూటరు ఆటలోనూ లేదు. అయినా 2020 తరువాత ఆన్‌లైన్ చదరంగానికి కొత్తవారు వెల్లువగా వచ్చారు. కోనేరు హంపి స్వస్థలమైన గుడివాడలో గాని, పెంటేల హరికృష్ణ, ద్రోణవల్లి హారికల గుంటూరులో గాని చదరంగం నేర్చుకునే పిల్లలకు గ్రాండ్‌మాస్టరు ఉండడం ఉత్సాహమే గాని అడ్డంకి కాదు. ఎందుకంటే వారు ఆడేది తమ వంటి వారితో. ప్రపంచమంతటా అంతమంది ఉన్నారు గనుక ఏ స్థాయి వానికైనా క్షణాలలో జత దొరుకుతుంది. ప్రతి పందెం ముప్ఫై రెండు పావులతో మొదటి నుండి మొదలవుతుంది. నిన్నటి సంపద ఈనాటి బల్ల మీదికి రాదు.

లూడో కింగ్ కూడా ఇటువంటిదే. 2016లో విడుదలైన ఈ భారతీయ ఆట 2020 లాక్‌డౌన్ కాలంలో ఇంటింటికీ చేరినది. దాని మూలమైన పచ్చీసు శతాబ్దాల నాటిది. అమ్మమ్మకు, మనవడికి ముందే తెలిసిన ఆట గనుక నేర్పవలసినది ఏమీ లేదు. దూరాన ఉన్న బంధువులతో ఆడడానికి పిలుపు ఒక్కటి చాలు.

మూసివేత

ఆటగాళ్ళు తగ్గినప్పుడు సంస్థలు ముందుగా సర్వర్లను ఒకటిగా కలుపుతాయి. తరువాత విస్తరణలు ఆగుతాయి. చివరకు ఒక తేదీని ప్రకటిస్తాయి. సిటీ ఆఫ్ హీరోస్ అనే ఆట 2012 నవంబరు 30న ఇలాగే మూతపడినది. చివరి రాత్రి ఆటగాళ్ళు కూడళ్ళలో గుమిగూడి దివిటీలు పట్టుకుని నిలబడ్డారు. అభిమానులు అనధికారంగా నడిపిన హోమ్‌కమింగ్ అనే సర్వరుకు 2024 జనవరిలో హక్కుదారు సంస్థ అధికారికంగా అనుమతి ఇచ్చినది. కౌంటర్-స్ట్రైక్ 1.6 కథ మరొక విధం. దాని వారసులు 2012లోను, 2023లోను వచ్చి కోట్లమందిని సంపాదించుకున్నాయి. 1.6ను మాత్రం ఎవరూ మూయలేదు. సర్వరు నడపడానికి ఒక కంప్యూటరు, కలపడానికి తీగ, పదిమంది మనుషులు ఉంటే అది ఇప్పటికీ 2003లో ఆడినట్లే ఆడుతుంది.